పాత కంప్యూటర్‌కు కొత్త ఓఎస్: పాత డిస్కు చెరపకుండా మార్చుకోవడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. అప్పటినుంచి బెంగళూరులో నాకు తెలిసిన తెలుగువాళ్లు, మారతహళ్లి వాళ్లయినా, కేఆర్ పురం వాళ్లయినా, అడిగేది ఒక్కటే: “ఇంట్లో ఎనిమిదేళ్ల కిందటి కంప్యూటర్ ఉందండీ, బాగానే పనిచేస్తోంది. ఇప్పుడేం చేయాలి?” ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒక మెట్టు వదిలేస్తున్నాను. అందుకని మొత్తం ఒకచోట రాస్తున్నాను.

పద్ధతి ముందే చెప్పేస్తాను. పాత డిస్కు మీద కొత్త ఓఎస్ (విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్) వేయకండి. దాన్ని ఊడదీసి భద్రంగా దాచండి. కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగంగా పనిచేసే డిస్కు) బిగించి, దాని మీద వేయండి. ఎక్కడ తేడా వచ్చినా పాత డిస్కు మళ్లీ బిగిస్తే చాలు, పావుగంటలో కంప్యూటర్ నిన్నటిలా నడుస్తుంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మా పెదనాన్నగారు పదకొండేళ్లు కూర్చుని మా ఊరి సంగతులన్నీ కంప్యూటర్లో రాసుకున్నారు. ఓఎస్ మార్పించడానికి ఒక షాపులో ఇచ్చారు. “ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, ఫార్మాట్ అయ్యేది సి డ్రైవ్ ఒక్కటే కదా” అని అందరిలాగే ఆయనా నమ్మారు. షాపతను డిస్కు మొత్తం తుడిచే ఆప్షన్ నొక్కాడు. చాలా కంప్యూటర్లలో సి, డి అనేవి రెండు డిస్కులు కావు. ఒకే పెట్టెలో చేసిన రెండు అరలు. పెట్టె పోతే రెండూ పోతాయి. ఆ రాతలు తిరిగి రాలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టలేదు కూడా.

కావలసినవి

- 2.5 అంగుళాల సాటా (పాత డిస్కు తీగలకే పట్టే రకం) ఎస్‌ఎస్‌డీ, 240 లేదా 256 జీబీది. ఇంటి పనికి అది చాలు.
- 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి.
- ముఖ్యమైన ఫైళ్ల కాపీకి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు.
- పాత డిస్కును తర్వాత యూఎస్‌బీలో పెట్టి చదవడానికి కేసు. ల్యాప్‌టాప్ డిస్కుకు చిన్న కేసు చాలు. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్కుకైతే విడిగా కరెంటు ప్లగ్గు ఉన్న డాక్ కావాలి. యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు దానికి చాలదు.
- స్టార్ స్క్రూడ్రైవర్, యూపీఎస్, ఒక సెలవు రోజు.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇవన్నీ ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. బండి తీసుకెళ్తే పార్కింగ్‌కే సగం పూట పోతుంది. మెట్రోలో కేఆర్ మార్కెట్ దగ్గర దిగి నడవండి. ఆదివారం పెట్టుకోకండి. చెన్నైలో ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్. ఎక్కడ కొన్నా బిల్లు, వారంటీ అడగండి.

ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయించండి. ఇప్పుడు బరువంతా బ్రౌజర్‌దే, ఓఎస్‌ది కాదు. షాపుకు వెళ్లేటప్పుడు పాత ర్యామ్ స్టిక్ ఊడదీసి కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదానిచోట ఒకటి పట్టవు. డీడీఆర్3లో కూడా ల్యాప్‌టాప్‌లకు తక్కువ వోల్టేజీవి వేరే ఉన్నాయి, వాటిని డీడీఆర్3ఎల్ అంటారు. నోటితో చెప్పేకంటే స్టిక్ చూపిస్తే పొరపాటు జరగదు.

1. ఏ ఓఎస్ పట్టుతుందో చూడండి

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్ ఐ3, ఐ5, ఐ7లలో గీత తర్వాతి అంకె తరాన్ని చెబుతుంది. ఐ5-7400 అంటే ఏడో తరం, ఐ5-8400 అంటే ఎనిమిదో తరం, ఐ5-10400 అంటే పదో తరం. ఎనిమిది, ఆపైన అయితే విండోస్ 11 వేసుకోవచ్చు. ఏఎండీ రైజెన్‌లో 2000 వరసలో కొన్నిటికి మాత్రమే అర్హత ఉంది. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే సందేహం తీరుతుంది.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్నా “టీపీఎం 2.0 లేదు” అని వస్తే కంప్యూటర్ పనికిరాదని కాదు. టీపీఎం అంటే డిస్కు తాళం కీల్లాంటివి దాచే భద్రతా ఏర్పాటు. చాలాసార్లు అది బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక మీట నొక్కితే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. ఆన్ చేసి మళ్లీ చూడండి. అయితే దాన్ని ముట్టుకునే ముందు డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకుండా టీపీఎం సెట్టింగ్ మారిస్తే మీ డిస్కు మీకే తెరుచుకోకపోవచ్చు.

ఏడో తరం, అంతకన్నా పాతవాటికి నా సలహా విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఓఎస్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ఉచితం, తేలిక, చూడటానికి పాత విండోస్‌లాగే కింద పట్టీ, మూలన మెనూ ఉంటాయి. మింట్ 22వ వరస వెర్షన్లకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

మింట్ వద్దనుకోవాల్సిన వాళ్లూ ఉన్నారు. ఇంట్లో టాలీ నడిపేవాళ్లు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లు విండోస్‌లోనే ఉండండి. వీళ్ల కంప్యూటర్‌కు విండోస్ 11 పట్టకపోతే ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ వారి అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు అందుతాయి. వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంటు కావాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది. అది కొత్త కంప్యూటర్‌కు డబ్బు కూడబెట్టుకునే గడువు మాత్రమే అనుకోండి.

అర్హత లేని కంప్యూటర్‌లో పరీక్షలు దాటవేసి విండోస్ 11 ఎక్కించే మార్గాలు ఉన్నాయి. అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు పని చేసుకునే ఇంటి కంప్యూటర్‌కు నేను వేయను, వేయమని చెప్పను.

2. ముందు బ్యాకప్

డిస్కు దాస్తున్నాం కదా, బ్యాకప్ ఎందుకని అడక్కండి. ఎనిమిదేళ్లు తిరిగిన డిస్కు దాచినచోటే పాడవ్వచ్చు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఇంకేమీ చేయకండి. డీఫ్రాగ్ వద్దు, స్కాన్లు వద్దు. తిరిగి సంపాదించలేని ఫొటోలు, పత్రాలు ముందు కాపీ చేసుకోండి. సినిమాలు చివర్లో చూసుకోవచ్చు.

ఎక్కువమంది మరిచిపోయేవి ఇవి:

- డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలో పడి ఉన్న ఫైళ్లు. బాణం గుర్తు ఉన్న ఐకాన్లు షార్ట్‌కట్లు, వాటిని కాపీ చేసి లాభం లేదు.
- బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్లు, బుక్‌మార్కులు.
- టాలీ డేటా ఫోల్డర్, ఔట్‌లుక్ మెయిల్ ఫైలు.
- వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తు ఉన్న ఫైళ్లు. అవి కంప్యూటర్లో ఉన్నట్టు కనిపిస్తాయి కానీ ఉండవు.
- అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ తెలిసిన అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ఇప్పుడే, పాత కంప్యూటర్లో సరిగ్గా కనిపిస్తున్నప్పుడే, పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. అసలు ఫైలూ ఉంచండి, ఫాంటు ఫైళ్లూ ఉంచండి.

కాపీ అయిపోయిందని స్క్రీన్ చెబితే సరిపోదు. ఆ హార్డ్‌డిస్కును ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, వేర్వేరు ఫోల్డర్ల నుంచి ఓ పది ఫైళ్లు తెరవండి. రెండువైపులా ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య సరిపోలుతుందో చూడండి.

3. పెన్‌డ్రైవ్ తయారీ

మింట్ అధికారిక సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు (ఓఎస్ మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైలు) దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఓఎస్ ఎక్కించే రూఫస్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఆ ఫైలును ఎంచుకోండి. సెలెక్ట్ బటన్ పక్కనున్న టిక్ గుర్తు నొక్కితే షా256 అనే పొడుగాటి సంఖ్య చూపిస్తుంది. మింట్ సైటులో ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిశాయని వదిలేయకుండా మొత్తం చూడండి. కలవకపోతే డౌన్‌లోడ్ చెడింది, మళ్లీ దించాలి.

స్టార్ట్ నొక్కే ముందు బ్యాకప్ హార్డ్‌డిస్కును కంప్యూటర్ నుంచి పీకేయండి. తప్పు డ్రైవ్ ఎంచుకుని బ్యాకప్‌నే చెరిపేసుకున్నవాళ్లను చూశాను.

విండోస్ 11 దారిలో వెళ్లేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ చాలు. దాంతోపాటు మీ కంప్యూటర్ తయారీదారు సైటు నుంచి వైఫై డ్రైవర్ ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

4. ఏమీ మార్చకముందే నడిపి చూడండి

మింట్‌లో నాకు నచ్చే సంగతి ఇదే. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం ఓఎస్ నడుస్తుంది. ఒక పూట అలాగే వాడి చూడండి.

పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేసి, వెంటనే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో, గిగాబైట్ బోర్డులకు సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీకి ఎఫ్9. ఏసుస్ డెస్క్‌టాప్ బోర్డుకు ఎఫ్8, ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్. ఎంఎస్‌ఐకి ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12యే కానీ, దాన్ని ముందు బయోస్‌లో ఆన్ చేయాల్సి రావచ్చు. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే కొన్నిసార్లు ఈ మెనూ రాదు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ అడ్డుపడుతుంది. అందుకే రీస్టార్ట్ నొక్కమన్నాను. అయినా పెన్‌డ్రైవ్ కనబడకపోతే వెనకవైపు యూఎస్‌బీ పోర్టు మార్చి చూడండి. 2012కు ముందు డెస్క్‌టాప్ అయితే రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్ పెట్టి మళ్లీ రాయండి.

డెస్క్‌టాప్ వచ్చాక వరసగా చూడాల్సినవి: వైఫై దొరుకుతోందా, యూట్యూబ్‌లో బొమ్మతో పాటు శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మీ బ్యాంకు సైటు తెరుచుకుంటోందా, ప్రింటర్ ఒక పేజీ కొడుతోందా. ప్రింటర్‌ను మాత్రం తప్పకుండా పరీక్షించండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్ దొరకడం కష్టం. హెచ్‌పీవి చాలావరకు అడగకుండానే పనిచేస్తాయి. పిల్లల ప్రాజెక్టులన్నీ ఆ ప్రింటర్ మీదే ఆధారపడి ఉంటే ఈ ఒక్క పరీక్షే మీ నిర్ణయాన్ని మార్చవచ్చు.

కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులుంటాయి, ఇక్కడ వైఫై కనిపించదు. కంగారు పడకండి. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ ఆ చిప్పుకు డ్రైవర్ దించుకుంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడు నెమ్మదిగా ఉంటుంది. వేగాన్ని బట్టి తీర్పు చెప్పకండి.

5. డిస్కు మార్చడం

విండోస్‌లోకి చివరిసారి వెళ్లి, షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ నొక్కండి. అప్పుడే పూర్తిగా ఆగుతుంది. మామూలుగా ఆపితే డిస్కు సగం నిద్రలో ఉన్నట్టు మిగిలి, తర్వాత మింట్‌లో పెట్టినప్పుడు చదవడానికే వస్తుంది, లేదా అసలు తెరుచుకోదు.

ప్లగ్గు పీకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తీయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకి, ఆ తర్వాత లోపల చేయి పెట్టండి. కేబుళ్లు తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాత డిస్కుకున్న రెండు తీగలు, డేటాది, కరెంటుది, కొత్త ఎస్‌ఎస్‌డీకి సరిగ్గా సరిపోతాయి. డెస్క్‌టాప్‌లో బిగించడానికి చిన్న బ్రాకెట్ కొనుక్కోవచ్చు.

పాత డిస్కు మీద కాగితం అంటించి తేదీ వేసి, “చెరపవద్దు” అని పెద్దక్షరాలతో రాయండి.

బ్యాటరీ లోపలే ఉండే ల్యాప్‌టాప్‌లను ఇంట్లో విప్పాలని పట్టుబట్టకండి. షాపులో చేయించండి, ఎదురుగా కూర్చుని చేయించండి, పాత డిస్కు చేతికి తీసుకునే లేవండి. డిస్కు మార్చే వీలే లేని మోడల్ అయితే, రెండు వేర్వేరు చోట్ల బ్యాకప్ పెట్టుకున్నాకే పాతదాని మీద ఇన్‌స్టాల్ చేయండి.

6. ఇన్‌స్టాల్

ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు, డెస్క్‌టాప్‌ను యూపీఎస్‌కు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వానకు బెంగళూరులో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఉదయమే మొదలుపెట్టండి.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరిచి, డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి.

కీబోర్డు దగ్గర ఇంగ్లిష్ యూఎస్ ఎంచుకోండి. మన దగ్గర అమ్మే కీబోర్డులు దాదాపు అన్నీ అవే. యూకే అని పెడితే ఎట్ గుర్తు, డబుల్ కోట్స్ తారుమారవుతాయి. పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు పెట్టి, తర్వాత కీబోర్డు సరిచేసుకుని, “పాస్‌వర్డ్ తప్పు” అంటోందని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

మల్టీమీడియా కోడెక్స్ (పాటలు, వీడియోలు ఆడించడానికి కావలసినవి) దగ్గర టిక్ పెట్టండి. అక్కడ సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ అడిగితే చిన్నది ఒకటి ఇచ్చి రాసుకోండి. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అని వస్తుంది. దాన్ని ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. ఆ తెరను చూసి భయపడి కంటిన్యూ నొక్కేస్తే వైఫై డ్రైవర్ లాంటివి పనిచేయవు.

తర్వాత డిస్కు మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయమనే ఆప్షన్. మామూలుగా చేతులు వణికే చోటు ఇదే. మీ కంప్యూటర్లో ఇప్పుడున్నది ఖాళీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. కింద చూపించే సైజు 240 లేదా 256కు దగ్గరగా ఉందో లేదో చూసుకుని నొక్కేయండి. ఊరు అడిగితే కోల్‌కతా అని పెట్టండి, భారత సమయం మొత్తానికి అదే పేరు.

విండోస్ 11 వేసేవాళ్లు: ప్రొడక్ట్ కీ అడిగితే “నా దగ్గర లేదు” అని ముందుకెళ్లండి. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్కు మారినా పోదు. కానీ ఇంతకుముందు హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో, అదే ఎడిషన్ ఎంచుకోవాలి. అయ్యాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి.

7. మొదటి గంటలో చేయాల్సినవి

మింట్‌లో అప్‌డేట్ మేనేజర్‌తో అన్ని అప్‌డేట్లూ ఎక్కించండి. డ్రైవర్ మేనేజర్ తెరిచి చూడండి. ఫైర్‌వాల్ ఆన్ చేయండి. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో రోజుకోటి చొప్పున రెండు స్నాప్‌షాట్లు (ఓఎస్ అప్పటి స్థితికి నకళ్లు) ఉండేలా పెట్టండి. ఏ అప్‌డేట్ అయినా బెడిసికొడితే నిన్నటి స్థితికి వెళ్లవచ్చు. అయితే టైమ్‌షిఫ్ట్ కాపాడేది ఓఎస్‌ను, మీ ఫొటోలను కాదు.

తెలుగు టైపింగ్ కోసం ఐబస్ అనే ప్రోగ్రామ్, దానికి తోడు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ కీబోర్డు లేఅవుట్లు దొరుకుతాయి. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ కూడా వేయండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే “స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి” అని టైప్ చేయండి. వత్తులు పక్కకు జారకుండా అక్షరం కింద కూర్చుంటే అంతా బాగున్నట్టు.

ఇప్పుడు బ్యాకప్ నుంచి ఫైళ్లు తెచ్చుకోండి. ఏదైనా కనబడకపోతే పాత డిస్కును కేసులో పెట్టి యూఎస్‌బీకి తగిలించండి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెల కీ ఇక్కడ కావాలి.

8. ఒక వారం గమనించండి

పూర్తిగా ఆపి, పది నిమిషాలాగి ఆన్ చేయండి. గడియారం వెనక్కి, ఏ 2015కో వెళ్లిపోయి, సైట్లన్నీ “సురక్షితం కాదు” అంటే అది ఓఎస్ తప్పు కాదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది, మార్చండి. పాత డిస్కుతో విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే బ్యాటరీ మార్చక్కర్లేదు. విండోస్, లినక్స్ బోర్డు గడియారాన్ని చెరో రకంగా చదువుతాయి, అంతే.

ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచి చూడండి, నిద్ర లేస్తోందా అని. వీడియో కాల్ ఒకటి అరగంట మాట్లాడండి. ఫ్యాన్ గట్టిగా మోగుతుంటే లోపల ఎనిమిదేళ్ల దుమ్ము ఉంది. దులిపించి థర్మల్ పేస్టు మార్పించండి.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్ అయితే మీరు పక్కన కూర్చుని, వాళ్ల చేతే చేయించండి. అమ్మగారు రోజూ పేపర్ చదివే సైటు, నాన్నగారు కరెంటు బిల్లు కట్టే పేజీ, వాట్సాప్ వెబ్. మీ చేతిలో పనిచేయడం పరీక్ష కాదు. రోజూ వాడే పేజీలకు డెస్క్‌టాప్ మీదే ఐకాన్లు పెట్టివ్వండి.

పాత డిస్కును కనీసం మూడు నెలలు ఉంచండి. ఆదాయపు పన్ను రిటర్ను, స్కూలు ఫీజు లాంటి అప్పుడప్పుడు వచ్చే పనులు ఒకసారి తిరిగేదాకా ఏ ఫైలు మరిచామో తెలియదు. నడుమ ఒకసారి యూఎస్‌బీకి పెట్టి తెరుచుకుంటోందో లేదో చూడండి. ఇక అక్కర్లేదనుకున్నాక కూడా దాన్ని పాత సామాన్లవాడికి అలాగే వేయకండి. డిలీట్ చేసినంత మాత్రాన ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పోవు. మింట్‌లోని డిస్క్స్ ప్రోగ్రామ్‌లో ఫార్మాట్ డిస్క్ నొక్కి, పాత డేటా మీద సున్నాలు రాసే ఆప్షన్ పెట్టి ఓ రాత్రంతా వదిలేయండి. ఆ పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ హార్డ్‌డిస్కు పీకేసి ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసుకోండి.